ఉక్రెయిన్ నిర్వాసితుల కోసం 212 రగ్గులు పోగుచేశాం. ఇప్పుడు వీటిని ఏం చేయాలి?

మహేంద్రతనయ_గట్టు
మాది పర్లాకిమిడి. మా వీధిలో నలభై మందిమి కలిసి ఒక చిన్న చదువరుల సంఘం నడుపుకుంటున్నాం. మా సభ్యుడొకరి కూతురు ఉక్రెయిన్‌లో వైద్యం చదువుతుండగా 2022 ఫిబ్రవరి 24న యుద్ధం ముంచుకొచ్చింది. అప్పుడు ఒక కుటుంబం ఆ అమ్మాయిని తొమ్మిది రోజులు తమ ఇంటి నేలమాళిగలో దాచి, అన్నం పెట్టి, రైలెక్కించింది. ఆ కుటుంబమే ఇప్పుడు సొంత ఊరు విడిచి, వేరే జిల్లాలో ఒక పాఠశాల భవనంలో తలదాచుకుంటోందని దసరా రోజుల్లో తెలిసింది. యుద్ధం మొదలయ్యాక వాళ్లకిది నాలుగో చలికాలం.

వినగానే మనసు ఆగలేదు, చందాలు మొదలుపెట్టాం. ఈరోజుకు 212 కొత్త రగ్గులు, 86,400 రూపాయల నగదు, మా వీధి చివరి ముసలమ్మ తన చేతులతో కుట్టి ఇచ్చిన బొంత ఒకటి చేరాయి. తీరా పార్సిల్ కట్టే చోట అడిగితే, 350 రూపాయల రగ్గును అంత దూరం పంపడానికి దాని ధరకు ఎన్నో రెట్లు అవుతుందన్నారు. ఎంతైనా సరే పంపాల్సిందేనని సంఘంలో సగం మంది, రగ్గులు అమ్మేసి డబ్బు పంపుదామని మిగతా సగం మంది పట్టుబడుతున్నారు. అక్కడి చలిలో నిజంగా అక్కరకొచ్చేది ఏమిటో, ఇంత దూరం నుంచి మాబోటివాళ్లం చేయగలిగింది ఏమిటో తెలిసినవారు చెప్పాలని కోరుతున్నాను.

పొయ్యిలో_పిల్లి
పేరు చూస్తేనే చలి విషయంలో నా అనుభవం ఎంతటిదో మీకు అర్థమవుతుంది. 350 రూపాయల రగ్గు మా బరంపురం చలికే చాలదు. తెల్లవారుజామున దాన్ని నేను కప్పుకున్నానో, అదే నన్ను కప్పుకుందో తెలియదు. సున్నాకు దిగువన అది ఏం పని చేస్తుందో ముందు ఆలోచించండి.

జయపురం_మాస్టారు
ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అన్నట్టుంది వ్యవహారం. కోరాపుట్ కొండల మీద, సెమిలిగుడా చుట్టుపక్కల పల్లెల్లో పుష్యమాసపు రాత్రి ఒక్క దుప్పటిలో నలుగురు పిల్లలు ముడుచుకుని పడుకోవడం నేను ముప్పయ్యేళ్ల ఉద్యోగంలో ఏటా చూశాను. మీ ఊరి నుంచి మహేంద్రగిరి కళ్లకు కనిపిస్తుంది. ఆ కొండ కింది సవర పల్లెలు కనిపించకుండా ఉక్రెయిన్ ఎలా కనిపించిందో నాకు అర్థం కాలేదు. తప్పుగా అనుకోవద్దు, అడగవలసిన ప్రశ్న కాబట్టి అడుగుతున్నాను.

మహేంద్రతనయ_గట్టు
మాస్టారూ, మీ ప్రశ్న న్యాయమైనదే. కానీ మా పిల్లను బతికించినవాళ్లు కనుక మాకు ఆ కుటుంబం గుర్తుకొచ్చింది. ఋణం ఎక్కడ ఉందో అక్కడే కదా తీర్చాలనిపిస్తుంది.

వంశధార_వరద
ఇచ్చేవాళ్ల మాటలు విన్నారు, పుచ్చుకున్నవాళ్ల మాట కూడా ఒకటి వినండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు గజపతి జిల్లాలో మా ఊరు మూడు రోజులు నీళ్లలో ఉంది. వారం తర్వాత ఎవరో పుణ్యాత్ములు పంపిన సాయం లారీ వచ్చింది. వరుసలో నిలబడిన మా అమ్మ చేతికి ఒక మూట ఇచ్చారు. విప్పితే అందులో జరీ పనిచేసిన పెళ్లికొడుకు షేర్వాణీ, జత లేని ఒక బూటు, పిల్లల ఈతదుస్తులు ఉన్నాయి. మాకు ఆ రోజు కావలసింది తడవని పట్టా, పొడి అగ్గిపెట్టె. ఆ షేర్వాణీ తర్వాత మా చేనులో దిష్టిబొమ్మకు తొడిగాం. మా ఊళ్లో అంత హుందా అయిన దిష్టిబొమ్మ అంతకుముందు లేదు, ఆ తర్వాతా రాలేదు.

2004 సునామీ తర్వాత నాగపట్టణం రోడ్ల పక్కన పాత బట్టల గుట్టలు కుళ్లిపోయిన సంగతి అప్పట్లో పత్రికలు చదివినవారికి గుర్తుండే ఉంటుంది. దయచేసి అవతలివాళ్లకు ఏం కావాలో అడగకుండా మూటలు కట్టవద్దు.

తెర్నోపిల్_నుంచి_రాయగడ
నేను పశ్చిమ ఉక్రెయిన్‌లోని తెర్నోపిల్‌లో ఎంబీబీఎస్ చదివాను. 2022 మార్చిలో మన ప్రభుత్వం నడిపిన ఆపరేషన్ గంగా విమానంలో వెనక్కి వచ్చాను. ఆన్‌లైన్ పాఠాలతో వైద్యం వంటబట్టదని తోచి, ఇంట్లోవాళ్లతో పోట్లాడి ఆ అక్టోబరులో మళ్లీ వెళ్లాను. కాబట్టి ఆ మొదటి యుద్ధపు చలికాలం మొత్తం అక్కడే గడిపాను. నాకు తెలిసినది చెబుతాను, కొంచెం పొడవవుతుంది.

ముందుగా మన వైపు చాలామందికి తెలియనిది ఒకటుంది. అక్కడ పట్టణాల్లో ఇళ్లకు ఎవరి పొయ్యి వాళ్లకు ఉండదు. ఊరికొక పెద్ద బాయిలరు కేంద్రంలో కాగిన నీళ్లు నేలలోని గొట్టాల ద్వారా అపార్టుమెంట్లకు వచ్చి, కిటికీ కింద ఉండే ఇనుప రేడియేటర్లలో తిరిగి వెనక్కి పోతాయి. రోజు సగటు ఉష్ణోగ్రత వరుసగా మూడు రోజులు 8 డిగ్రీల లోపు ఉంటే ఊరంతటికీ వేడి వదులుతారు. సోవియట్ కాలపు ఏర్పాటు ఇది. శాంతికాలంలో ఎంత సుఖమో యుద్ధంలో అంత ప్రమాదం, ఎందుకంటే ఆ నీళ్లను తోసే పంపులన్నీ కరెంటు మీదే నడుస్తాయి. 2022 అక్టోబరు 10 నుంచి క్షిపణులు, డ్రోన్లు విద్యుత్ కేంద్రాల మీద పడటం మొదలైంది. నవంబరు 23న దేశంలోని అణువిద్యుత్ కేంద్రాలు కూడా గ్రిడ్ నుంచి విడిపోయాయి. కరెంటు పోతే పంపు ఆగుతుంది, పంపు ఆగితే గొట్టంలో నీళ్లు నిలిచిపోతాయి, బయట మైనస్ పది ఉంటే ఆ నీళ్లు గడ్డకట్టి వ్యాకోచించి గొట్టాన్నే చీలుస్తాయి. అందుకని కొన్ని గంటల్లోనే భవనం మొత్తం నీళ్లు బయటికి వదిలేయవలసి వస్తుంది. ఒకసారి వదిలాక మళ్లీ నింపి వేడి చేయడం ఒక్కరోజు పని కాదు.

మా హాస్టల్ కింది అంతస్తులో తూర్పు ఉక్రెయిన్‌లోని ఖార్కివ్ నుంచి వచ్చిన ఆరు కుటుంబాలను ఉంచారు. వాళ్లలో ఒకావిడ గదిలోకి నేను తరచు వెళ్లేదాన్ని. ఆవిడ చేసిన పనులు ఒక్కొక్కటే ఇప్పటికీ కళ్లకు కట్టినట్టున్నాయి. కరెంటు ఉన్న రెండు మూడు గంటల్లో నీళ్లు కాచి ఒకటిన్నర లీటరు ప్లాస్టిక్ సీసాల్లో పోసి, మూత బిగించి, ఒక్కొక్క సీసాకు ఒక్కొక్క ఉన్ని మేజోడు తొడిగి, పిల్లల పక్కలో కాళ్ల దగ్గర పెట్టేది. రేడియేటరు వెనక గోడకు వంటింటి అల్యూమినియం రేకు మెరిసే వైపు గదిలోకి ఉండేలా అంటించింది, ఉన్న కాస్త వేడీ గోడలోకి పోకుండా. గుమ్మం కింద సందులో చుట్టిన పాత కోటు పెట్టేది. అన్నిటికంటే తెలివైన పని, గది మధ్యలో మంచం మీద పిల్లల ఆట గుడారం వేసింది. రాత్రి ముగ్గురూ అందులో పడుకుంటే వాళ్ల ఊపిరికే లోపల వెచ్చబడేది.

ఆవిడ గదిలో రగ్గులకు కొదవ లేదు. ఊళ్లోని పాఠశాలలవాళ్లు, చర్చివాళ్లు ఇచ్చినవి తొమ్మిది ఉన్నాయి. ఆవిడ నన్ను అడిగింది మాత్రం పవర్ బ్యాంకు, టార్చి, కిటికీకి వేసే మందపాటి ప్లాస్టిక్ పట్టా.

కిన్వట్_కిరాణా
అమ్మా, ఒక సందేహం. కరెంటు లేకపోతే కట్టెల పొయ్యి వెలిగించుకోవచ్చు కదా. మా కిన్వట్ చుట్టూ అడవి కాబట్టి మాకు ముందు తోచేది అదే.

తెర్నోపిల్_నుంచి_రాయగడ
తొమ్మిదో అంతస్తులో పొగగొట్టం ఎక్కడుంటుందండీ. పల్లెటూరి ఇళ్లకు ఇటుక పొయ్యి ఉంటుంది, వాళ్లకు కట్టెలే ప్రాణాధారం. కొందరు ‘బుర్జూయ్కా’ అనే చిన్న ఇనుప పొయ్యి పెట్టి, గొట్టాన్ని కిటికీలోంచి బయటికి తీస్తారు. అయితే పచ్చి కట్టెలో బరువులో దాదాపు సగం నీరే ఉంటుంది. అది ఆరాలంటే ఏడాది కావాలి. నవంబరులో కొట్టి డిసెంబరులో పంచిన కట్టెలు వేడి కంటే పొగే ఎక్కువ ఇస్తాయి. కాబట్టి కట్టెల సాయం చేయాలంటే వేసవిలోనే చేయాలి.

ప్రాణహిత_ఒడ్డు
నేను సిరొంచ వైపు ఒక స్వచ్ఛంద సంస్థలో పనిచేశాను. యుద్ధం అనగానే అందరికీ ఉక్రెయినే తలపుకొస్తోంది. 2005 తర్వాత సల్వాజుడుం అనే ప్రభుత్వ అండ ఉన్న దళాలకూ మావోయిస్టులకూ మధ్య నలిగి బస్తర్ నుంచి గోదావరి దాటి ఖమ్మం అడవుల్లోకి వచ్చిన గొత్తికోయ కుటుంబాలను నేను దగ్గర నుంచి చూశాను. ఆకుల పందిరి, మట్టి నేల, జనవరి మంచు. మేము కుటుంబానికి రెండు రగ్గులు ఇచ్చి చేతులు దులుపుకుని వచ్చేశాం. పదిరోజుల తర్వాత వెళితే ఒక ముసలాయన ఆ రెండు రగ్గులూ కింద పరుచుకుని, పైన తన పాత పంచె కప్పుకుని పడుకుని ఉన్నాడు. మా కుర్రవాడు ఒకడు ‘తాతకు తెలియదు పాపం’ అని నవ్వాడు. తెలియనిది మాకే. పడుకున్న మనిషి ఒంటి బరువుకు కింది బట్టలోని గాలి అణిగిపోయి, ఒంట్లోని వేడిని నేల నేరుగా లాగేసుకుంటుంది. పైన మూడు కప్పినా ఆ నష్టం పూడదు. ఆ తర్వాత మేము వరిగడ్డి మోపులు, పాత అట్టపెట్టెలు, గోనెసంచులు మోసుకెళ్లాం. జానెడు మందాన గడ్డి పరిచి పైన పట్టా వేసి పడుకున్న రాత్రి ఆ గుడిసెలో దగ్గు వినిపించలేదు.

ఈ పనిలో ఉన్నవాళ్లు పాటించే స్ఫియర్ ప్రమాణాలని కొన్ని ఉన్నాయి. మామూలు చోట మనిషికి కనీసం 3.5 చదరపు మీటర్ల కప్పు కింది చోటు ఉండాలని, చలి ప్రదేశంలో వంటా స్నానమూ లోపలే జరుగుతాయి కాబట్టి 4.5 నుంచి 5.5 వరకు కావాలని అందులో ఉంది. పుస్తకంలో అలా ఉన్నా, చలిలో జనం చేసేది దీనికి సరిగ్గా వ్యతిరేకం. ఉన్న గదుల్లో అన్నిటికంటే చిన్నదాన్ని ఎంచుకుని అందరూ అందులోనే చేరతారు. రాయగడ అమ్మాయి చెప్పిన గుడారం సంగతీ అదే.

పొయ్యిలో_పిల్లి
మా ఇంట్లో ఎండాకాలం ఏసీ గదిలో పదకొండు మందిమి పడుకుంటాం. మేమూ స్ఫియర్ ప్రమాణాలను ఉల్లంఘిస్తున్నామని ఇప్పుడే తెలిసింది.

జయపురం_మాస్టారు
ప్రాణహిత గారు చెప్పినది నా వాదానికే బలం. పక్క అడవిలో యుద్ధ నిర్వాసితులు ఉండగా కందకు లేని దురద కత్తిపీటకెందుకు?

ప్రాణహిత_ఒడ్డు
మాస్టారూ, మీ వాదానికి నా అనుభవాన్ని అరువివ్వలేను. ఆ ముసలాయన నేర్పిన పాఠం ఖార్కివ్ మనిషికీ పనికొస్తుందనే ఇక్కడ రాశాను. దూరం దగ్గర లెక్క చూసుకుని చలి వేయదు.

కోరాపుట్_సిస్టర్
నవజాత శిశువుల వార్డులో పన్నెండేళ్లుగా పని చేస్తున్నాను. ఇంతవరకు ఎవరూ ఎత్తని రెండు సంగతులు చెప్పాలి.

ఒకటి కుంపటి. ప్రతి చలికాలమూ మా ఆసుపత్రికి తలుపులన్నీ బిగించుకుని బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకున్న కుటుంబం ఒకటైనా వస్తుంది, కొన్నిసార్లు ఆలస్యంగా వస్తుంది. సగం కాలిన బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా ఉండవు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ప్రాణవాయువు కంటే రెండువందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ముందు తలనొప్పి, తర్వాత వాంతి వచ్చినట్టుంటుంది. మనవాళ్లు గ్యాస్ అనుకుని సోడా తాగి మళ్లీ అదే గదిలో పడుకుంటారు. యుద్ధంలో కరెంటు లేని ఇళ్లలో ఇదే జరుగుతుంది. వరండాలో జనరేటర్ నడుపుతారు, గ్యాస్ పొయ్యి వెలిగించి గది వెచ్చబెట్టుకుంటారు. జనరేటర్ తలుపులకూ కిటికీలకూ కనీసం ఆరు మీటర్ల దూరంలో, ఆరుబయట ఉండాలి. మీ సంఘం డబ్బుతో ఏదైనా వస్తువు కొనాలనే పట్టుదల ఉంటే, బ్యాటరీతో పనిచేసే కార్బన్ మోనాక్సైడ్ అలారం గురించి ఆలోచించండి. పది రగ్గులు కాపాడలేని ప్రాణాన్ని అది కాపాడుతుంది.

రెండోది, చలికి చనిపోవడానికి మంచు కురవాల్సిన పని లేదు. ఒంటి లోపలి వేడి 35 డిగ్రీల కంటే తగ్గితే చాలు, అది హైపోథర్మియా. తడి బట్ట, గాలి, ఆకలి కలిస్తే పది డిగ్రీల రాత్రి కూడా పసికందును తీసుకుపోతుంది. 2024 డిసెంబరు చివర గాజా గుడారాల్లో శిశువులు చలికి చనిపోతున్నారని అక్కడి వైద్యులు చెప్పినప్పుడు, ‘అది ఎడారి ప్రాంతం కదా, చలేమిటి’ అని మా వార్డులోనే ఒకరు అన్నారు. సముద్రపు గాలి, వాన, తడిసిన ఇసుక మీద పక్క. మా కొండల మీద నుంచి వచ్చే పిల్లల కేసు చీటీల్లో కూడా ఇదే రాస్తాం.

నెలలు నిండని బిడ్డకు యంత్రం లేనిచోట తల్లి ఒళ్లే యంత్రం. బిడ్డను బట్టలు లేకుండా తల్లి గుండెకు ఆనించి, నెత్తికి టోపీ పెట్టి, ఇద్దరినీ కలిపి చుట్టేయడమే. 1978లో కొలంబియాలోని బొగోటా ఆసుపత్రిలో ఇంక్యుబేటర్లు చాలక మొదలుపెట్టిన పద్ధతి ఇది. కంగారూ పద్ధతి అంటారు. తల్లికి చేతకాకపోతే తండ్రి, నాయనమ్మ ఎవరైనా చేయవచ్చు. సాయం పంపేవాళ్లు రగ్గులతో పాటు ఈ మాట కూడా పంపగలిగితే బాగుంటుంది.

పొయ్యిలో_పిల్లి
కుంపటి మీద వేళాకోళం చేద్దామని వచ్చి, సిస్టర్ గారి మాట చదివి విరమించుకున్నాను. మా బామ్మ గదిలోంచి కుంపటి ఇప్పుడే బయటికి తీసుకొచ్చాను. తిట్లు తింటున్నాను.

కిన్వట్_కిరాణా
నేను రగ్గులు అమ్మేవాణ్ణి కాబట్టి ఒక వ్యాపార రహస్యం చెబుతాను. రగ్గును దీపానికి ఎదురుగా పట్టుకోండి. నేత సందుల్లోంచి వెలుగు చుక్కలు కనిపిస్తే గాలీ అక్కడినుంచే వస్తుంది. మెత్తగా నిగనిగలాడే పాలిస్టరు రగ్గు అమ్మకానికి బాగుంటుంది, తడిస్తే మాత్రం బరువెక్కి చల్లబడుతుంది. మా తాత నాటి నల్ల గొంగళి ఒంటికి ముళ్లలా గుచ్చుకుంటుంది, వాన చినుకు లోపలికి దిగదు, తడిసినా కొంత వెచ్చదనం నిలుపుకుంటుంది. గొర్రెల కాపరి దాన్ని నెత్తిన వేసుకుని నిలబడే నిద్రపోయేవాడు.

ఇక బొంత. మరాఠీలో గోధడి, ఒడియాలో కంథా, మనకు బొంత. పాత చీరలు ఏడెనిమిది పొరలు వేసి దగ్గర దగ్గరగా కుడతారు. పొరల మధ్య చిక్కిన గాలే అసలు వెచ్చదనం. మీ ముసలమ్మ గారి బొంత మీ 212 రగ్గుల్లో ఏ ఒక్కదానికీ తీసిపోదని కళ్లతో చూడకుండానే చెప్పగలను.

ఎంవీ_పక్కూరు
మాది మల్కన్‌గిరి. తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన బెంగాలీ శరణార్థులను 1958లో మొదలైన దండకారణ్య ప్రాజెక్టు కింద ఇక్కడికి తెచ్చి ఊళ్లు కట్టించారు. ఆ ఊళ్లకు పేర్లు పెట్టే తీరిక కూడా లేక ఎంవీ-1, ఎంవీ-2 (ఎంవీ అంటే మల్కన్‌గిరి విలేజ్) అంటూ అంకెలు వేశారు, అవే ఇప్పటికీ ఉన్నాయి. మా పక్క ఊరి పెద్దాయన ఒకరు, మొదటి చలికాలంలో పంచిన బట్టల కంటే ఊరికొకటిగా వేసిన నెగడు దగ్గర కూర్చుని అందరూ మాట్లాడుకోవడమే బతికించిందని చెప్పేవారు. రాయగడ అమ్మాయిని అడుగుతున్నాను, అక్కడ అలాంటిది ఏమైనా ఉందా?

తెర్నోపిల్_నుంచి_రాయగడ
ఉందండీ, పేరు కూడా పెద్దదే. 2022 నవంబరులో ప్రభుత్వం ఊరూరా ‘నెజ్లామ్నోస్తి’ కేంద్రాలు తెరిచింది, లొంగనితనపు కేంద్రాలు అని అర్థం చెప్పుకోవచ్చు. పాఠశాలల్లో, రైల్వేస్టేషన్లలో, వీధుల్లో వేసిన గుడారాల్లో పెట్టారు. లోపల పొయ్యి, వేడి టీ, ఫోను చార్జింగు, ఇంటర్నెట్, పసిపిల్లల తల్లులకు ఒక మూల. చదరంగం ఆడే ముసలివాళ్లు చార్జింగు అయిపోయినా కదిలేవారు కాదు.

బ్యాంకు_కౌంటర్_3
డబ్బు పంపే సంగతి నేను చెబుతాను. రిజర్వు బ్యాంకు వారి సరళీకృత చెల్లింపుల పథకం కింద దేశంలో నివసించే వ్యక్తి ఎవరైనా ఆర్థిక సంవత్సరంలో రెండున్నర లక్షల డాలర్ల దాకా విదేశాలకు పంపవచ్చు, కానుక లేదా విరాళం కూడా అందులో చేరుతుంది. పాన్ కార్డు, ఏ-2 ఫారం కావాలి. ఇక్కడొక మెలిక ఉంది. ఈ సౌకర్యం వ్యక్తులకే, ట్రస్టులకు లేదు. సంఘం డబ్బును కార్యదర్శి తన సొంత ఖాతాలో వేసుకుని పంపితే రేపు ఆదాయపు పన్ను వారికీ, అంతకంటే ముందు సంఘం సభ్యులకీ సమాధానం చెప్పుకోవలసి వస్తుంది. రెండోదే కష్టం. కాబట్టి ఎవరి చందా వారికి తిరిగి ఇచ్చేసి, ఐక్యరాజ్య సమితి శరణార్థుల సంస్థ వంటి పెద్ద సంస్థకు ఎవరికి వారే కార్డుతో చెల్లించి, రసీదు సంఘంలో చూపించడం మేలు.

జయపురం_మాస్టారు
పెద్ద సంస్థల్లో జీతాలకూ కార్లకూ పోగా మిగిలేది ఎంత? రగ్గు అయితే కనీసం రగ్గుగానే చేరుతుంది.

ప్రాణహిత_ఒడ్డు
ఆ అనుమానం ఉండవలసిందే, లెక్కలు అడగవలసిందే. కానీ పార్సిల్ ఖర్చు కూడా జీతమే కదా మాస్టారూ, విమానానికి ఇచ్చే జీతం. ఆ సంస్థలు పట్టాలను వేల సంఖ్యలో ఒకేసారి కొని ముందే గోదాముల్లో ఉంచుకుంటాయి. మనం విడిగా కొనే ధరకూ ఆ ధరకూ పొంతన ఉండదు. పైగా నిర్వాసితుల చేతికే నగదు ఇచ్చే పద్ధతి ఇప్పుడు బాగా పెరిగింది. పల్లెలో ఉన్నవాళ్లు ఎండు కట్టెలు కొంటారు, అపార్టుమెంటులో ఉన్నవాళ్లు పవర్ బ్యాంకు కొంటారు, పిల్లాడికి బూట్లు చాలకపోతే బూట్లు కొంటారు. ఎవరికీ షేర్వాణీ మాత్రం రాదు.

వంశధార_వరద
ఆ షేర్వాణీని ఇక మరిచిపోనివ్వరన్నమాట.

తెర్నోపిల్_నుంచి_రాయగడ
డబ్బుగా పంపితే అక్కడ అది ఎంత దూరం వస్తుందో ఒక్క ఉదాహరణ చెబుతాను. దగ్గరలో బాంబు పడితే గోడలు నిలిచినా చుట్టుపక్కల కిటికీ అద్దాలన్నీ రాలిపోతాయి. అద్దం లేని గదిని ఏ హీటరూ వెచ్చబెట్టలేదు. చెక్క పలక కొడితే గాలి ఆగుతుంది, కానీ పగలే చీకటి, అసలే కరెంటు లేదు. మందపాటి పాలిథిన్‌ను చట్రానికి లోపలివైపు ఒకటి, బయటివైపు ఒకటి, మధ్యలో నాలుగు వేళ్ల ఖాళీ వదిలి బిగిస్తే వెలుగూ వస్తుంది, మధ్యలో నిలిచిన గాలి చలినీ ఆపుతుంది. ఆ పట్టా, మేకులు, సన్నని చెక్కబద్దలు అన్నీ అక్కడి దుకాణాల్లోనే దొరుకుతాయి. మా హాస్టల్‌లో ఒక సాయంత్రం నలుగురం కలిసి ఏడు కిటికీలు బిగించాం. సుత్తి దెబ్బ నా బొటనవేలి మీద పడింది, గోరు ఏప్రిల్ దాకా నల్లగానే ఉంది.

చంద్రగిరి_దారి
గజపతి జిల్లాలోనే చంద్రగిరిలో 1963 నుంచి టిబెటన్ శరణార్థులు ఉంటున్నారు. చలి నుంచి, యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన ఆ మనుషులే ఏటా కార్తికం దాటగానే మన ఊళ్లలో స్వెటర్లు అమ్ముతారు. పర్లాకిమిడి వారు పక్కనే ఉన్న వాళ్లను ఒక్క మాట అడిగి ఉంటే ఈ చర్చంతా ఒక టీ తాగేసరికి తేలిపోయేది.

మహేంద్రతనయ_గట్టు
మీ అందరి మాటలనూ అచ్చు తీసి నిన్న సంఘంలో చదివి వినిపించాను. షేర్వాణీ దగ్గర ఎంత నవ్వారో, కుంపటి దగ్గర అంత నిశ్శబ్దమైపోయారు. చందా ఇచ్చిన ప్రతి ఒక్కరినీ అడగకుండా దేన్నీ దారి మళ్లించకూడదని ముందుగా తీర్మానించుకున్నాం. రగ్గులను ఇక్కడే పంచడానికి పదకొండు మంది తప్ప అందరూ ఒప్పుకున్నారు. ఆ పదకొండు మంది రగ్గులు వాళ్లకు తిరిగి ఇచ్చేశాం. ఒకాయన మాత్రం, ‘ఉక్రెయిన్‌కని ఇచ్చినది కొండ మీదికి పోతే నా సంకల్పం చెడుతుంది’ అని అలిగి వెళ్లిపోయారు, ఆయన అలకలోనూ తప్పేమీ లేదు. నగదు ఎవరిది వారికి అప్పగించాం. వారిలో ఇరవై ఆరు మంది శరణార్థుల సంస్థకు కట్టి రసీదులు తెచ్చారు. మిగతావాళ్లు కడతామన్నారు, చూడాలి.

జయపురం_మాస్టారు
రగ్గులు కొండ మీదికి వెళుతున్నాయంటే సంతోషమే. నేను నా వాదం గెలిచానని మాత్రం అనుకోవడం లేదు, ఎందుకంటే కిటికీకి రెండు పొరల పట్టా అనే ఉపాయం మా పాత బడి హాస్టల్‌కు నిన్న నేనే చెప్పాను. అది ఉక్రెయిన్ నుంచి వచ్చిన సాయమని ఒప్పుకోక తప్పదు.

కోరాపుట్_సిస్టర్
పంచేటప్పుడు ఇంటికొకటి చొప్పున ఎక్కువ ఇళ్లకు ఇచ్చి ఫొటో దిగాలనే ఆశ పెట్టుకోవద్దు. బాలింతలు, ముసలివాళ్లు ఉన్న ఇళ్లను ముందుగా ఎంచుకుని రెండేసి ఇవ్వండి, ఒకటి కిందకని నోటితో చెప్పి మరీ ఇవ్వండి. వీలైతే గోనెసంచులు కూడా తీసుకెళ్లండి.

తెర్నోపిల్_నుంచి_రాయగడ
మా జూనియర్ ఒకతను సంక్రాంతి తర్వాత తిరిగి వెళుతున్నాడు. వార్సా దాకా విమానం, అక్కడి నుంచి బస్సు. సామానులో మూడు కిలోల దాకా చోటు ఉందన్నాడు. మీ ముసలమ్మ గారి బొంత ఆ మేర ఉంటే, ఆ పాఠశాల భవనంలోని కుటుంబానికి చేర్చే పూచీ నాది.

పొయ్యిలో_పిల్లి
మూడు కిలోల ఆవకాయకు బదులు బొంత మోస్తున్న ఆ కుర్రవాడికి నా నమస్కారం.

మహేంద్రతనయ_గట్టు
కిరాణా కొట్టు తూకంలో పెట్టి చూశాం, రెండు కిలోల ఎనిమిదివందల గ్రాములు తూగింది. ఆ మాట చెప్పడానికి వెళితే ముసలమ్మ గారు బొంతను వెనక్కి లాక్కున్నారు. ‘ఆ ఇంటావిడ మన మనిషి ఎత్తేనా, పొడుగా? కాళ్లు బయటికొస్తే అంత దూరం పంపి ఏం లాభం, కనుక్కో’ అన్నారు. మా పిల్లను అడిగితే ఆవిడ నాకంటే పొడుగని చెప్పింది. ప్రస్తుతం బొంత ఒక కొస విప్పి ఉంది, ఇంకో జానెడు అతుకు పడుతోంది. జూనియర్ గారిని మరో రెండువందల గ్రాముల చోటు చూడమని చెప్పండి.